ఒకే పువ్వు, నాలుగు వేళలు: పేల్ ఏల్‌లో చేదు, వాసనల లెక్క

పోయిన సంక్రాంతికి మా బావ ఒరెగాన్ నుంచి కోనసీమలోని మా ఊరికి వచ్చినప్పుడు, భోగిమంట ఆరకముందే మొదలైన ఒక చర్చ కనుమ దాకా సాగింది. అమెరికాలో ఆయన తన ఇంటి గ్యారేజీలో బీరు కాచుకుంటాడు. అందులోనూ బీరుకు చేదూ వాసనా ఇచ్చే హాప్ పువ్వుల్లో ఒకే ఒక్క రకం వాడి చేసే పేల్ ఏల్ అనే లేత రంగు బీరంటే ఆయనకు పిచ్చి. దాన్ని ఎలా చేస్తాడో ఆయన వర్ణిస్తుండగా, అరుగు చివర కూర్చుని వింటున్న ఒక పెద్దాయన, నలభై ఏళ్లుగా తాడిచెట్లు ఎక్కి కల్లు గీసినవాడు, రెండే రెండు ప్రశ్నలు వేశాడు. మొదటిది: “కాచేత్తే అందులో ఉన్నదంతా చచ్చిపోద్ది కదండీ, ఇంక పులిసేదేవుంటదండీ?” రెండోది: “ఒకటే పువ్వంటన్నారు, మరి నాలుగుసార్లెందుకేత్తన్నారండీ?”

మొదటి ప్రశ్నకు బావ వెంటనే జవాబు చెప్పగలిగాడు. రెండోదానికి మాత్రం “వాసన కోసం” అని ఊరుకున్నాడు. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్న కోసమే రాస్తున్నాను. అయితే మొదటిది తేలకుండా రెండోది తేలదు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

అంతకంటే ముందు ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారు చేయడం నేరం. గోదావరి దాటి యానాం వెళ్తే అక్కడ పుదుచ్చేరి చట్టం వర్తిస్తుంది, మద్యం ధరలు మారతాయి, కానీ లైసెన్సు లేకుండా తయారు చేసే స్వేచ్ఛ అక్కడా లేదు. అమెరికాలో సైతం ఈ అనుమతి మరీ పాతదేమీ కాదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతోనే, ఇద్దరు పెద్దవారున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్ల వరకు సొంత వాడకానికి బీరు కాచుకునే వీలు కలిగింది. కాబట్టి ఇక్కడ చెప్పే కొలతలన్నీ బావ గ్యారేజీలోవి. డెల్టా ప్రస్తావన వచ్చినచోట, ఇక్కడి నీటికీ వేడికీ ఆ పద్ధతి ఎలా స్పందిస్తుందన్న కుతూహలంతో మాత్రమే దాన్ని చదవాలి.

మన ఊళ్లలో ‘కాచడం’ అనగానే నాటుసారా గుర్తుకొస్తుంది. పెద్దాయన తికమక కూడా అక్కడే ఉంది. సారాలో బెల్లపు ఊటను ముందు పులియబెట్టి, పులిసిన తరువాత కాచి, లేచిన ఆవిరిని చల్లార్చి పట్టుకుంటారు. బీరులో క్రమం తిరగబడుతుంది: పులియక ముందే కాచి, లేచిన ఆవిరిని గాలికి వదిలేసి, చల్లారిన తరువాత ఈస్ట్‌ను చేర్చి పులియబెడతారు. కాచినప్పుడు రసంలోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయన్న పెద్దాయన మాట పూర్తిగా నిజమే, నిజానికి అలా చావడమే అక్కడ కావలసింది. తాటి కల్లులో చక్కెర సిద్ధంగా ఉంటుంది, ముంతలోనూ గాలిలోనూ గెల మీదా ఉన్న ఈస్ట్, బాక్టీరియాలు పిలవకుండానే వచ్చి పని మొదలుపెడతాయి. అందుకే తెల్లవారి తియ్యగా ఉన్న కల్లు సాయంత్రానికి పుల్లబడుతుంది. ముంత లోపల సున్నం పూస్తే ఆ పులియడం ఆగి నీరా దొరుకుతుందని గీసేవారందరికీ తెలుసు. బీరు కాచేవాడు సున్నానికి బదులు మంటతో ఆ అడవి సంతను ఖాళీ చేయించి, తనకు నచ్చిన ఒక్క ఈస్ట్ జాతినే లోపలికి రానిస్తాడు.

బార్లీకి కల్లుకున్న సౌలభ్యం లేదు. దానిలో ఉన్నది పిండిపదార్థం, దాన్ని ఈస్ట్ తినలేదు. రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి మాల్ట్ చేసుకునే ఇళ్లు మనకు కొత్త కాదు, బార్లీకి చేసేదీ అదే. మొలక వచ్చేటప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైములు సిద్ధమవుతాయి. ఆ మాల్ట్‌ను మరపట్టి, సుమారు 66 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో గంటసేపు నాననిస్తే, ఎంజైములు పిండిపదార్థాన్ని కోసి చక్కెరలుగా మారుస్తాయి. కొన్ని పెద్ద ముక్కలు మాత్రం ఈస్ట్‌కు కొరుకుడు పడని డెక్‌స్ట్రిన్‌లుగా మిగిలిపోతాయి. వీటిని గుర్తుంచుకోవాలి, చివర్లో తగాదా పెట్టేవి ఇవే. బావ 20 లీటర్ల బీరుకు నాలుగున్నర కిలోల పేల్ మాల్ట్, దానికి తోడు 300 గ్రాముల లేత క్రిస్టల్ మాల్ట్ వాడతాడు. నీటి సాంద్రతను 1గా తీసుకుంటే వడగట్టిన రసం సాంద్రత 1.050 దగ్గర ఉంటుంది, పులియడం ముగిసేసరికి అది 1.011 దాకా దిగితే ఆల్కహాల్ 5 శాతానికి కాస్త పైన తేలుతుంది. మాల్ట్ సంగతి ఇంతటితో చాలు. ఈ బీరులో మాల్ట్ పని కచేరీలో తంబురా పని వంటిది.

అసలు పాత్ర హాప్‌ది. గంజాయి కుటుంబానికి చెందిన ఈ తీగకు ఆడ, మగ మొక్కలు వేరువేరుగా ఉంటాయి. బీరుకు పనికొచ్చేది ఆడ మొక్క పూసే, పొలుసులు పేర్చినట్లుండే లేతాకుపచ్చ పువ్వు. పొలుసుల మొదళ్లలో పుప్పొడిని తలపించే పసుపు రంగు పొడి ఉంటుంది, దాని పేరు లూపులిన్. పువ్వులో మనకు కావలసినదంతా ఆ పొడిలోనే ఉంది. కడియం నర్సరీల్లో దొరకని మొక్క ఉండదని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు గాని, హాప్స్ విషయంలో ఆ గొప్ప చెల్లదు. ప్రపంచంలో హాప్స్ విస్తారంగా పండే నేలలు ఎక్కువగా 35 నుంచి 55 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉన్నాయి. అక్కడి ఎండాకాలపు పొడవైన పగళ్లలో తీగ ఎత్తుగా ఎదిగి, పగలు తగ్గుతున్నప్పుడు పూతకు వస్తుంది. 16, 17 డిగ్రీల దగ్గరున్న గోదావరి డెల్టాలో సంవత్సరంలో అతి పొడవైన పగలు కూడా 13 గంటల చిల్లర మాత్రమే. మన దేశంలో హాప్స్ పండించినది హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో.

ఆ పసుపు పొడిలో ఒకదానికొకటి పొంతన లేని రెండు సరుకులు పక్కపక్కనే ఉంటాయి. మొదటిది జిగురు: దానిలోని ఆల్ఫా ఆమ్లాలు. రెండోది సుగంధ తైలం: మిర్సీన్, హ్యూములీన్, లినలూల్, జెరానియోల్ వంటి పదార్థాల మిశ్రమం. జిగురుకు మంట కావాలి, తైలానికి మంట శత్రువు. పెద్దాయన రెండో ప్రశ్నకు జవాబు ఈ వైరంలోనే ఉంది.

ముందుగా జిగురు. ఆల్ఫా ఆమ్లాలు ఉన్న రూపంలో నీటిలో సరిగ్గా కరగవు, కరగనిది నాలుకకు చేదుగా తగలదు. మరుగుతున్న రసంలో వాటి అణువుల అమరిక మారి ఐసో-ఆల్ఫా ఆమ్లాలవుతాయి. అణువులోని పరమాణువులు అవే, సంఖ్యా అదే, కూర్చున్న తీరు మాత్రమే మారుతుంది. ఈ కొత్త రూపం కరుగుతుంది, చేదుగా ఉంటుంది, పైగా పాలను పెరుగు చేసే తరహా లాక్టిక్ బాక్టీరియాలను చాలావరకు అణచివేస్తుంది. కల్లు ఒక్కరోజులో పుల్లబడిపోతే బీరు నెలల తరబడి నిలవడానికి కారణాల్లో ఇదొకటి. చేదు బీరుకు అలంకారంగా మొదలవలేదు, కాపలాగా మొదలైంది. అయితే ఈ మార్పు నిదానంగా జరుగుతుంది. పూర్తి మరుగులో గంటసేపు ఉంచినా, వేసిన ఆల్ఫా ఆమ్లాల్లో సుమారు నాలుగో వంతు కూడా చేదుగా మారి రసంలో నిలవదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడటం మంచిది. చేదును ఐబీయూ అనే కొలతలో చెబుతారు. స్థూలంగా లీటరు బీరులో ఒక మిల్లీగ్రాము ఐసో-ఆల్ఫా ఆమ్లం ఉంటే అది ఒక ఐబీయూ. బావ వాడే హాప్‌లో ఆల్ఫా ఆమ్లాలు 6 శాతం అనుకుందాం. 30 గ్రాముల్లో అవి 1,800 మిల్లీగ్రాములు, అంటే 20 లీటర్లకు పంచితే లీటరుకు 90. గంటసేపు మరిగిస్తే అందులో 23 శాతం చేదుగా మారుతుందని ఇంట్లో బీరు కాచేవారి లెక్క, కనుక సుమారు 21 ఐబీయూలు వస్తాయి. అదే 30 గ్రాములను మరుగు ముగియడానికి పది నిమిషాల ముందు వేస్తే మారేది 8 శాతం పైచిలుకు మాత్రమే, వచ్చేది ఏడున్నర. పువ్వు అదే, తూకం అదే, చేదు మాత్రం మూడో వంతు. మంట ఆర్పిన తరువాత, రసం 80 డిగ్రీలకు దిగాక వేస్తే చేదు ఇంకా తగ్గుతుంది. పూర్తిగా చల్లారి, పులిసిన బీరులో వేస్తే ఐసో-ఆల్ఫా చేదు ఇంచుమించు పుట్టదు.

ఇక తైలం. మన వంటింటి అనుభవం దీన్ని పుస్తకాల కంటే బాగా చెబుతుంది. చారు మరుగుతున్నప్పుడు వీధి మలుపు దాకా వాసన వస్తే చారు అదిరిందని మురిసిపోతాం. ఆలోచిస్తే, వీధిలోకి వచ్చిన వాసన గిన్నెలో లేని వాసన. అందుకే అనుభవమున్న ఇల్లాలు కొత్తిమీరను దించే ముందు వేసి మూత పెడుతుంది. హాప్ తైలం కూడా ఆవిరితో పాటు పోయేదే. తైలంలో సాధారణంగా అన్నిటికన్నా ఎక్కువగా ఉండే మిర్సీన్ నీటి మరుగు కంటే చాలా ఎక్కువ వేడి వద్దగాని సొంతంగా మరగదు, అయినా నీటి ఆవిరి దాన్ని మోసుకుపోతుంది. గంటసేపు మరిగిన హాప్‌లో చేదు మిగులుతుంది, పువ్వు జాడ మిగలదు. పది నిమిషాలు మరిగినదానిలో రెండూ కొంచెం కొంచెంగా ఉంటాయి. మంట ఆర్పాక వేసినదానిలో లినలూల్ వంటి పూల వాసనలు చాలావరకు నిలుస్తాయి.

కాబట్టి నాలుగుసార్లు వేసేది ఒకే పువ్వయినా, ఒక్కోసారి దాని నుంచి తీసుకునే సరుకు వేరు. గంట ముందు వేసినది చేదుకు, పది నిమిషాల ముందుది రుచికి, మంట ఆర్పాక వేసినది పూల వాసనకు, పులిసిన తరువాత వేసినది, అంటే డ్రై హాపింగ్, పచ్చి తైలానికి. పెద్దాయన అడిగినది చాలా సరైన ప్రశ్న. సింగిల్ హాప్ బీరు అన్న ఆలోచన అంతా దాని మీదే నడుస్తుంది. రెండు మూడు రకాల హాప్స్ కలిపితే నాలుకకు తగిలిన నిమ్మ వాసన ఏ రకానిదో, ఏ వేళ వేసినదో చెప్పలేం. ఒక్క రకమే ఉన్నప్పుడు మారేది వేళ మాత్రమే కాబట్టి, తేడా ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుబడుతుంది. రుచికి ఒకే హాప్ బీరు గొప్పదని నేను అనను. చాలాసార్లు అది కాస్త ఏకపక్షంగా ఉంటుంది. నేర్చుకోవడానికి మాత్రం అంతకన్నా మంచి దారి నాకు కనబడదు.

బావ ఎంచుకున్నది కాస్కేడ్. ఇది ఆయన ఉండే ఒరెగాన్‌లోనే పుట్టింది. అమెరికా వ్యవసాయ శాఖ అక్కడ నడిపిన సంకరణ కార్యక్రమం నుంచి 1972లో విడుదలైన ఈ రకం వంశంలో ఇంగ్లండుకు చెందిన ఫగుల్, రష్యాకు చెందిన సెరెబ్రియాంకా ఉన్నాయి. దాని వాసన పంపరపనసకు దగ్గరగా, కొద్దిగా పూలను తలపిస్తూ ఉంటుంది. 1975లో శాన్ ఫ్రాన్సిస్కోలోని యాంకర్ సంస్థ లిబర్టీ ఏల్‌నూ, 1980లో కాలిఫోర్నియాలోని చికోలో సియెర్రా నెవాడా సంస్థ తన పేల్ ఏల్‌నూ ఈ హాప్ ప్రధానంగా కాచిన తరువాత, అమెరికన్ పేల్ ఏల్ అంటే ఈ వాసనే అన్నంతగా పేరు స్థిరపడింది. ఈ తరహా బీరుకు చేదు సాధారణంగా 30 నుంచి 50 ఐబీయూల మధ్య ఉంటుంది. బావ లెక్కలో 30 గ్రాముల చొప్పున వేసే మొదటి రెండు విడతలకు 28 పైన, మంట ఆర్పాక వేసే 40 గ్రాములకు మరికొంత కలిసి, ఆ హద్దులోకి వస్తుంది.

డ్రై హాపింగ్ కొత్త విద్య కాదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండు నుంచి ఇండియాకు ఓడల్లో వచ్చిన పేల్ ఏల్ పీపాల్లో, బిరడా వేసే ముందు గుప్పెడు పొడి హాప్స్ వేసేవారు. పేరులోని ‘డ్రై’ ఆ పొడి పువ్వుదే, బీరులో తీపి లేకపోవడానికి దీనికి సంబంధం లేదు. నేటి పద్ధతిలో పువ్వును నొక్కి చేసిన గుళికలు వాడతారు. లీటరుకు 4 గ్రాముల చొప్పున 20 లీటర్లకు 80 గ్రాములు వేసి, రెండు మూడు రోజులు ఉంచి, చల్లబరిచి, అడుగుకు దిగిన ముద్ద నుంచి బీరును వేరు చేస్తారు. వాసన చాలావరకు మొదటి ఒకటి రెండు రోజుల్లోనే దిగుతుంది. వారాల తరబడి ఉంచితే ఆకు పసరు, వగరు కూడా దిగుతాయి. టీ ఆకును ఎక్కువసేపు ఉంచితే ఏమవుతుందో ఇక్కడా అదే.

ఎంత వేస్తే అంత వాసన అన్న నమ్మకం ఒకటి ఉంది. అది కొంతవరకే నిజం. కాస్కేడ్‌తోనే ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో జరిగి 2018లో ప్రచురితమైన అధ్యయనంలో, లీటరుకు 8 గ్రాములు దాటాక వాసన తీవ్రత పెద్దగా పెరగలేదనీ, నిమ్మజాతి గుణం కంటే ఆకు, టీ వంటి గుణం ముందుకు వచ్చిందనీ తేలింది. వంద రూపాయల హాప్స్ అదనంగా పోసి టీ వాసన కొనుక్కోవడం ఎవరికైనా నష్టపు బేరమే.

చల్లని బీరులో వేసిన హాప్ చేదు పుట్టించదన్న మాటకు కూడా ఒక మినహాయింపు ఉంది. నిల్వలో గాలి తగిలి ఆల్ఫా ఆమ్లాల్లో కొంత భాగం హ్యూములినోన్లు అనే పదార్థాలుగా మారుతుంది. వీటికి మంట అవసరం లేదు, చల్లని బీరులోనే కరుగుతాయి, చేదుగా ఉంటాయి, అయితే ఐసో-ఆల్ఫా చేదు కంటే మెత్తగా ఉంటాయి. పువ్వు నుంచి దిగే పాలీఫినాల్స్ అనే పదార్థాలు దానికి వగరును జోడిస్తాయి. అంటే పుస్తకంలో వేసుకున్న ఐబీయూ లెక్క నోటికి తగిలే చేదును పూర్తిగా చెప్పదు. ఎక్కువగా డ్రై హాప్ చేసిన బీరులో అది ఇంకా తక్కువ చెబుతుంది.

ఎప్పుడు వేయాలన్నది మరో వివాదం. ఈస్ట్ చురుగ్గా ఉన్నప్పుడే వేస్తే, అది హాప్ తైలంలోని గులాబీని తలపించే జెరానియోల్‌ను కొంతవరకు నిమ్మగడ్డిని గుర్తుచేసే సిట్రొనెలోల్‌గా మారుస్తుంది. దీన్నే జీవరూపాంతరం అంటారు. కొందరు ఈ మార్పు కోసమే పొంగు మీద ఉండగా వేస్తారు. కానీ ఆ దశలో బుడగలుగా లేచే కార్బన్ డయాక్సైడ్, చారు మీది ఆవిరిలాగే, వాసనను వెంటబెట్టుకుని పైపు గుండా బయటికి తీసుకుపోతుంది. ఒకే హాప్ గుణం తెలుసుకోవడమే ఉద్దేశమైతే, పులియడం దాదాపు ముగిశాక వేయడమే సరి అని నా అభిప్రాయం. ఈస్ట్ కల్పించిన వాసనను హాప్ ఖాతాలో వేసుకునే పొరపాటు అప్పుడు తగ్గుతుంది.

ఇక ముందే చెప్పిన డెక్‌స్ట్రిన్‌ల తగాదా. ఎండిన హాప్ పువ్వులో కూడా కొద్దిపాటి అమైలేజ్ ఎంజైములు ఉంటాయి. మరుగులో పడిన హాప్‌లో అవి నశిస్తాయి గాని డ్రై హాప్‌లో సజీవంగా ఉంటాయి. అవి బీరులో మిగిలిన డెక్‌స్ట్రిన్‌లను చిన్న చక్కెరలుగా కోస్తే, పని అయిపోయిందని అడుగున పడుకున్న ఈస్ట్ మళ్లీ లేచి వాటిని తింటుంది. 1893లోనే ఇంగ్లండులో బ్రౌన్, మోరిస్ అనే రసాయన శాస్త్రవేత్తలు పీపాలో హాప్స్ వేశాక బీరు మళ్లీ పులియడాన్ని గురించి రాశారు. ఆ తరువాత లోకం దాన్ని చాలాకాలం పట్టించుకోలేదు. డ్రై హాపింగ్ జోరు పెరిగిన ఈ తరంలో దానికే ‘హాప్ క్రీప్’ అని కొత్త పేరు పెట్టుకున్నారు.

దీని ఫలితం బావకు సీసాల రూపంలో తెలిసింది. ఒకసారి డ్రై హాప్ వేసిన రెండో రోజున సాంద్రత 1.012 ఉందని చూసి, పులియడం ముగిసిందనుకుని, లీటరుకు 6 గ్రాముల లెక్కన చక్కెర కలిపి సీసాల్లో నింపాడు. ఆ చక్కెర నుంచి, బీరులో అప్పటికే కరిగి ఉన్న వాయువు నుంచి, బీరు పరిమాణానికి రెండున్నర రెట్లకు కాస్త తక్కువగా కార్బన్ డయాక్సైడ్ చేరాలి, అది మామూలే. కానీ సీసాలో సాంద్రత 0.001 దిగితే సుమారు సగం రెట్టు వాయువు అదనంగా పుడుతుంది. మూడు వారాల తరువాత ఒక సీసా మూత తీస్తే సగం బీరు గ్యారేజీ గోడకు తగిలింది. మిగిలినదాన్ని కొలిస్తే 1.009. తక్కిన సీసాలను ఆయన చేతులకు దళసరి తొడుగులు వేసుకుని ఒక్కొక్కటిగా మూత వదులు చేశాడు. సీసా పేలితే గాజు ముక్కలు ఎగురుతాయి కాబట్టి ఇది నవ్వుకుని వదిలేయదగిన విషయం కాదు. అప్పటి నుంచి డ్రై హాప్ వేశాక సాంద్రత వరసగా మూడు రోజులు కదలకుండా ఉంటేగాని ఆయన సీసాల జోలికి పోడు. ఈ రెండో పులియడంలో డయాసిటైల్ అనే పదార్థం కూడా పుట్టి, సినిమా హాలు పాప్‌కార్న్ మీది వెన్న వాసన బీరులోకి వస్తుంది. ఈస్ట్‌కు మరికొన్ని రోజులు సమయమిస్తే చాలావరకు అదే దాన్ని తినేస్తుంది.

చేదుకూ వాసనకూ మధ్య మరో పెద్ద తేడా గాలి దగ్గర బయటపడుతుంది. పులియడానికి ముందు ఈస్ట్‌కు ఆక్సిజన్ కావాలి. పులిసిన తరువాత అదే ఆక్సిజన్ హాప్ వాసనను మాయం చేసి, బీరు రంగును ముదురు చేసి, తడిసిన అట్టపెట్టె వాసన తెస్తుంది. ఆవకాయ జాడీలో ముక్క పైకి నూనె తేలేలా చూసుకునే జాగ్రత్త ఇక్కడ కార్బన్ డయాక్సైడ్ చేస్తుంది. అయితే పోలిక పూర్తిగా అతకదు. నూనె పొర కుదురుగా ఉంటుంది, వాయువు పొర మూత తీసిన ప్రతిసారీ గాలితో కలిసిపోతుంది. అందుకే హాప్స్ వేయడానికి మూత తీయడమే ఒక ప్రమాదమని తెలిసినవాళ్లు, వేసే పని ఒక్కసారిలో ముగిస్తారు, పీపాలోకి మార్చేటప్పుడు చప్పుడు కాకుండా అడుగు నుంచి నింపుతారు. చేదు మీద గాలి ప్రభావం లేదని కాదు, నెలలు పడుతుంది. వాసన వారాల్లోనే తగ్గుతుంది.

ఇదంతా గోదావరి డెల్టాలో జరిగితే ఎలా ఉంటుంది? కాలువ నీటితో మొదలుపెడదాం. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట స్థానంలో తరువాత కట్టిన బ్యారేజీ నుంచి పారే కాలువలే ఇక్కడి తాగునీటి చెరువులను నింపుతాయి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చెరువులో నిల్వ చేసుకున్న నీరే దిక్కు. బీరు కాచేవారు నీటిలో సల్ఫేటు, క్లోరైడుల నిష్పత్తి చూస్తారు. సల్ఫేటు హాప్ చేదును పదునుగా, పొడిగా అనిపించేలా చేస్తుంది, క్లోరైడు మాల్ట్ తీపిని గుండ్రంగా నిండుగా చేస్తుంది. ఇంగ్లండులోని బర్టన్ పట్టణం పేల్ ఏల్‌కు పేరు తెచ్చుకున్నది జిప్సం, అంటే కాల్షియం సల్ఫేటు, నిండిన దాని బావి నీటి వల్లనే. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ బోరు నీరు ఉప్పదేలుతుంది, ఆ ఉప్పు క్లోరైడే. అటువంటి నీటితో కాస్తే హాప్ పదును మొద్దుబారి, మోతాదు మించితే బీరు ఉప్పగానే ఉంటుంది. పంచాయతీ కుళాయి నీటిలోని క్లోరిన్ మరో చిక్కు. దాన్ని ముందుగా మరిగించి వదిలించుకోకపోతే మాల్ట్‌లోని ఫినాల్స్‌తో కలిసి ఆసుపత్రి వాసన వేస్తుంది.

నీటి కంటే పెద్ద చిక్కు వేడి. ఏల్ ఈస్ట్‌లలో ఎక్కువ రకాలకు 18 నుంచి 20 డిగ్రీలు హాయి. అంతకు మించితే పండ్ల వాసనలు, ఇంకా మించితే తలకెక్కే ఘాటైన ఫ్యూసెల్ ఆల్కహాల్స్ పుడతాయి. పులిసేటప్పుడు ఈస్ట్ తానే వేడి పుట్టిస్తుంది కనుక, పాత్ర లోపల గది కన్నా మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. డెల్టాలో సంక్రాంతి రాత్రుల్లో తప్ప ఆ చల్లదనం సహజంగా దొరకదు. కూజాకు తడిగుడ్డ చుట్టే ఉపాయం రాయలసీమ పొడి గాలిలో పనిచేసినంత బాగా మన తేమ గాలిలో పనిచేయదు, ఎందుకంటే నీరు ఆవిరైతేనే చల్లదనం. నార్వే పల్లెల్లో తరతరాలుగా కాపాడుకున్న క్వైక్ అనే ఈస్ట్‌లు మాత్రం 35 డిగ్రీల పైన కూడా శుభ్రంగా పులియబెడతాయి. మంచు దేశపు ఈస్ట్ మన మే నెలకు సరిపడటం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. కాకపోతే వాటిలో కొన్ని నారింజ వాసన సొంతంగా కల్పిస్తాయి, అప్పుడు గ్లాసులోని నారింజ ఈస్ట్‌దా, కాస్కేడ్‌దా అన్నది మళ్లీ మొదటి సందేహం.

పులియడం చల్లగా ముగిసినా, సీసా కథ మిగిలే ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ ఆక్సిజన్ చేసే నష్టం వేగం పెరుగుతుంది, వెలుతురు తగిలితే ఐసో-ఆల్ఫా ఆమ్లాలు విరిగి ముక్కు మూసుకోవాల్సిన గంధకపు వాసన పుడుతుంది. గోధుమ రంగు సీసా రెండోదాన్ని చాలావరకు ఆపుతుంది, మొదటిదాన్ని ఆపేది ఫ్రిజ్ ఒక్కటే.

బావ తన సామానులో రెండు సీసాలు తెచ్చాడు. ఒరెగాన్ నుంచి విమానాల్లో హైదరాబాదు, అక్కడి నుంచి రైల్లో రాజమండ్రి, మిగతా దారి కారు డిక్కీలో. దారి పొడవునా వాటికి చల్లదనం లేదు. కనుమ నాడు ఒకటి తెరిచి, చిన్న స్టీలు గ్లాసులో పెద్దాయనకు పోశాడు. పంపరపనస వాసన వస్తుందని ముందే చెప్పి ఉంచాడు కూడా. పెద్దాయన ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు చూశాడు, ఒక గుక్క తాగాడు, గ్లాసు కింద పెట్టాడు.

“చేదు బాగా నిలబడిందండీ, ఆయ్. మీరు చెప్పిన పంపరపనస మాత్రం దార్లోనే దిగిపోయినట్టుంది.”